సిమెంటు పడవ

ఆమెకు కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పటి నుంచీ అంతే. పుట్టింట్లో బొంగరం అని పిలిచేవారు. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. వీధిలోవాళ్ళకూ అదే అలవాటైపోయింది. కుట్టు మిషను ముందు కూర్చుంటే మాత్రం తొక్కడానికి ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి మనిషి కాస్త కుదుటపడుతుంది. అలాంటి ఇంట్లోకి ఆ ఏడాది రెండో బొంగరం వచ్చిపడింది. అది ఆమె మొగుడు.

అతను తాపీ మేస్త్రి. ఆ పేటలో సగం గోడలు అతని చేతి మీదుగా లేచినవే. పరంజా మీద నుంచి జారిపడి మోకాలు విరిగాక, "మళ్ళీ ఎత్తులెక్కావంటే ఈసారి నా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరు చెప్పేశాడు. కట్టు విప్పిన రోజు నుంచి మేస్త్రి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. బాగున్న వంటగట్టును పగలగొట్టి మళ్ళీ కట్టాడు. మట్టంగా లేదని గడప చెక్కాడు. చివరికి మిషను గదిలో గోడ చెమ్మ పట్టిందని గోకడం మొదలుపెట్టేసరికి, నది అవతలి ఒడ్డు ఫ్యాక్టరీకి ఆమె కుడుతున్న యూనిఫారాల మీద సున్నం కురిసింది. బొంగరానికి ఓర్పు తెగింది.

"ఇంటికి ఒక బొంగరం చాలు. బయటికి పోయి ఏదన్నా కట్టుకో పో!"

ఆ మాట ఏ వేళ అన్నదో గానీ, ఆ ఆదివారమే ఆమె తమ్ముడు భోజనానికి వచ్చాడు. అతను పడవల వడ్రంగి. నది ఒడ్డున, రేవును ఆనుకుని అతని కొట్టం. వచ్చినప్పటి నుంచీ ఒకటే గోల: పురుగు, పురుగు. ఉప్పునీళ్ళ పోటుతో పాటు వచ్చే పురుగు చెక్కను తొలిచేస్తోందట. కొత్త పడవ కూడా రెండు వానాకాలాలకు జల్లెడైపోతోందట.

"సిమెంటుకు పురుగు పట్టదు" అన్నాడు మేస్త్రి, చెయ్యి కడుక్కుంటూ.

"అవును బావా. సిమెంటుతో పడవ కట్టు. పురుక్కి పని తప్పుతుంది, నీళ్ళ అడుగున చేపలు కాపురం పెట్టుకుంటాయి."

"ఏం, తేలదా?"

తమ్ముడు గోడవారన ఉన్న తాపీని తీసుకొచ్చి గిన్నెలు కడిగే తొట్లో పడేశాడు. బుడుంగుమని మునిగింది. "ఇదిగో, నీ పడవ" అన్నాడు.

మేస్త్రి ఊరుకోలేదు. అన్నం వండిన పెద్ద స్టీలు గిన్నెను కడిగి అదే తొట్లో పెట్టాడు. తేలింది. తాపీని పైకి తీసి ఆ గిన్నెలో పెట్టాడు. గిన్నె కాస్త కిందికి దిగి, అటూ ఇటూ ఊగి, నిలబడింది.

"బరువు పెరిగిందిగా! ఎందుకు మునగలేదు?" అంది బొంగరం. పడవలవాళ్ళ ఇంట్లో పుట్టి కూడా ఆ ప్రశ్న తను ఎప్పుడూ అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది ఆమెకు.

తమ్ముడు వేలితో గిన్నె అంచును నొక్కాడు. "ఏ వస్తువైనా నీళ్ళలో దిగాలంటే నీళ్ళను పక్కకు నెట్టాలి అక్కా. అలా నెట్టిన నీళ్ళ బరువు తన బరువుకు సరిపోగానే ఆగిపోతుంది. ఈ తాపీ ఇనప ముక్క, పూర్తిగా మునిగినా దాని బరువంత నీళ్ళను నెట్టలేదు. గిన్నెకు కడుపుంది. ఇంకొంచెం దిగితే ఇంకొంచెం నెడుతుంది. కానీ అంచు దాకా దిగినా సరిపోలేదనుకో..." అంటూ ఇంకాస్త నొక్కాడు. నీళ్ళు అంచు దాటి లోపలికి దూకాయి. గిన్నె, తాపీ రెండూ అడుగుకు చేరాయి.

బావా బావమరుదులు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడి మొహంలో గెలిచానన్న నవ్వు. రెండోవాడి మొహంలో, పడిన రోజు నుంచీ బొంగరం చూడని వెలుగు.

మర్నాడే పెరట్లో పని మొదలైంది.

ముందు సన్న ఊచలు వంచి పడవ ఆకారం నిలబెట్టాడు. తలకిందులుగా పెట్టిన చేప అస్థిపంజరంలా ఉందని పక్కింటావిడ గోడ మీద నుంచి చూసి పోయింది. దాని మీద కోళ్ళ గూళ్ళకు కొట్టే ఇనప జాలీని పొరలు పొరలుగా పరిచి, సన్నతీగతో బిగించి కుట్టాలి. మేస్త్రి చేతులు మొరటువి. అతను బిగించిన చోటల్లా జాలీ ఉబ్బెత్తుగా లేచింది. రెండు రోజులు కిటికీలోంచి చూస్తూ పళ్ళు నూరుకున్న బొంగరం, మూడోనాడు మిషను ఆపి పెరట్లోకి వచ్చింది.

"జరుగు. అదేమన్నా కుట్టా? గోనె సంచికి కూడా అంతకంటే నయంగా వేస్తారు."

ఆ తర్వాత ఆమె చేతులు ఆగలేదు. తీగ గుచ్చుకుని వేళ్ళు చిట్లాయి. గుడ్డపేలికలు చుట్టుకుని మళ్ళీ కుట్టింది. ఆ పడవ తేలుతుందని ఆమెకు నమ్మకం కలిగి కాదు. చేతికి పని దొరికింది, మొగుడు మాట్లాడుతున్నాడు, అంతే. లోపల మాత్రం ఒకటే గుబులు. గట్టిపడిన సిమెంటు పెళ్ళ ఒకటి కనబడితే తీసుకెళ్ళి బకెట్లో వేసి చూసేది. ఠక్కుమని అడుగున పడేది. దాన్ని తీసి మళ్ళీ వేసేది, ఈసారైనా బుద్ధి మార్చుకుంటుందేమో అన్నట్టు.

జాలీ మీద సిమెంటు మెత్తి గిలాబు చేసే రోజు తమ్ముడు రానన్నాడు. "నా కొట్టం పక్కనే నీటి మీద నవ్వులపాలు కావడానికి నేనెందుకు సాయం పట్టాలి?" అన్నాడు. పొద్దెక్కాక వచ్చాడు. కలిపిన సిమెంటు ఎవరి కోసమూ ఆగదు, మధ్యలో ఆపితే అతుకు పడి పగులుతుంది అని అక్క కబురు పంపితే, తిట్టుకుంటూనే చొక్కా విప్పి దిగాడు. చీకటి పడే వేళకు పడవ బూడిదరంగు చర్మం కప్పుకుని, పెరడంతా నిండి పడుకుంది.

ఇక తడపడం. వారాల తరబడి గోనెసంచులు కప్పి, అవి ఆరకుండా నీళ్ళు పోస్తూ ఉండాలి. గోడలకైతే మేస్త్రికి ఆ ఓపిక ఎప్పుడూ ఉండేది. ఈసారి లేదు. గంటకోసారి సంచి ఎత్తి గోటితో గీకి చూసేవాడు. "ఇంకా పచ్చిగానే ఉంది" అనేవాడు, నిన్న కూడా అదే అనలేదన్నట్టు. ఆమె కుట్టు మధ్యలో లేచి నీళ్ళు పోసి వచ్చేది. ఇద్దరూ ఒకే గుమ్మంలో ఎదురుపడి ఒకరినొకరు తిట్టుకునేవారు. వీధిలోవాళ్ళు పనిగట్టుకుని వచ్చి, "మేస్త్రీ, మేడ ఎప్పుడు? పునాది బానే ఉంది" అని పోయేవారు.

ఒక సాయంత్రం తమ్ముడు వచ్చి, బావ ఇంట్లో లేడని చూసుకుని, సంచులు తొలగించి పడవ అంచును వేళ్ళతో కొలిచాడు. మూర వేశాడు. మళ్ళీ కొలిచాడు.

"ఏంట్రా, ఆ నీళ్ళు నమలడం? చెప్పు."

"లావైంది అక్కా. నేను ఆ రోజు మధ్యలో వచ్చాను, చూసుకోలేదు. బావ జీవితమంతా గోడలు కట్టినవాడు. చెయ్యి ఆగలేదు, దట్టించేశాడు. పడవంటే ఏముంది? గాలి చుట్టూ కట్టిన గోడ. ఈయన గోడ లావైంది, గాలి తగ్గింది."

"అంటే మునుగుతుందా?"

"ఖాళీగా తేలుతుంది. మనిషి ఎక్కినా తేలుతుంది. కానీ అంచుకూ నీళ్ళకూ మధ్య జానెడు కూడా మిగలదు. ఒక్క అల వచ్చిందంటే..." వాక్యం పూర్తి చెయ్యకుండా చెయ్యి తిప్పాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆ మాట మొగుడికి చెప్పేసింది. కడుపులో దాచుకునే రకం కాదు. మేస్త్రి కంచం పక్కకు నెట్టాడు.

"వాడిది చెక్క బుద్ధి. సిమెంటు సంగతి వాడికేం తెలుసు?"

"సిమెంటు సంగతి కాదు, నీళ్ళ సంగతి చెప్పాడు."

"చూద్దాం" అన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఇక మాటలు దండగ. ఆమె అడకత్తెరలో పోకచెక్కయింది. మొగుడి మాట నిజం కావాలని ఉంది. తమ్ముడి మాట అబద్ధం కాదని తెలుసు. కుడుతున్న చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు వేసి, విప్పి, మళ్ళీ కుట్టింది.

నీళ్ళలోకి దింపిన రోజు పొద్దున్నే పేట మొత్తం రేవులో ఉంది. వెక్కిరించినవాళ్ళే గొట్టాలు పరిచి, వాటి మీద పడవను దొర్లించి, వీధి పొడుగునా భుజాలు వేసి తెచ్చారు. నది పోటు మీద నిండుగా ఉంది. పడవ ముక్కు నీళ్ళను తాకింది. ఒక్క తోపు. బొంగరం కళ్ళు మూసుకుని, ఉండబట్టలేక వెంటనే తెరిచింది.

తేలింది!

బూడిదరంగు రాయి లాంటిది, గోడ లాంటిది, నీటి మీద బాతులా ఊగుతోంది. ఈలలు, చప్పట్లు. పక్కింటావిడ ఆమెను వాటేసుకుంది. తమ్ముడు మాత్రం నవ్వకుండా నీటిగీత వైపే చూస్తున్నాడు. మేస్త్రి కుంటుకుంటూ రేవు మెట్ల మీద మోకాళ్ళ లోతుకు దిగి, తాడు పట్టుకుని పడవలోకి ఎక్కాడు. పడవ అతని బరువుకు కిందికి దిగింది, ఇంకాస్త దిగింది, ఆగింది. అంచుకూ నీళ్ళకూ మధ్య మిగిలింది తమ్ముడు చెప్పిన దానికంటే కూడా తక్కువే.

"నువ్వూ రా" అని చెయ్యి చాచాడు మేస్త్రి. అతని మొహం చూస్తే పదేళ్ళు తగ్గినట్టుంది.

ఆమె చెంగు బిగించి ఒక కాలు నీళ్ళలో పెట్టింది. అప్పుడే మలుపు తిరిగి పెద్ద మోటారు లాంచీ వచ్చింది. దాని తప్పు కూడా ఏమీ లేదు, తన దారిన తను పోతోంది. దాని వెనక లేచిన అల బద్ధకంగా రేవు వైపు నడిచివచ్చింది. తమ్ముడు, "బావా, దూకెయ్!" అని అరిచాడు. మేస్త్రి దూకలేదు. అతనికి ఈత రాదు.

అల ఎగిసిపడలేదు కూడా. మర్యాదగా అంచు దాటి లోపలికి వచ్చింది. లోపలికి వచ్చిన నీళ్ళ బరువుకు పడవ మరింత దిగింది, దిగిన చోట ఇంకా నీళ్ళు వచ్చాయి. మేస్త్రి పడవ మధ్యలో నిటారుగా నిలబడి ఉన్నాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. గొంతు దాకా వచ్చేవరకూ కాళ్ళ కిందున్న తన కట్టడాన్ని వదలకుండా అలాగే నిలబడ్డాడు. మెట్లు దాటితే అక్కడంతా లోతే, పడవ అడుగుకు పోయింది. అతను కూడా దాంతో పాటే పోయేవాడు, బొంగరం ఈదుకుంటూ వెళ్ళి జుట్టు పట్టుకోకపోతే. తమ్ముడు రెండో వైపు నుంచి చంకలో చెయ్యి వేశాడు. ఇద్దరూ అతన్ని ఒడ్డుకు ఈడ్చారు. ఎవరూ నవ్వలేదు. అది ఇంకా అవమానంగా తోచింది ఆమెకు.

ఆ తర్వాత మేస్త్రి కుదురుగా కూర్చున్నాడు.

అదే ఆమెను భయపెట్టింది. తిరగడు, గోకడు, గడప చెక్కడు. కిటికీ దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెట్టింది తిని, పిలిస్తే ఊఁ అని. ఎన్నాళ్ళుగానో ఏ కుదురు కోసం ఆమె మొత్తుకుందో అది వచ్చాక, ఇల్లు మనిషి లేనట్టు అయిపోయింది. మిషను తొక్కుతూ వెనక్కి చూసేది. కదిలాడా? లేదు. లేచి వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసేది. జ్వరం లేదు. "గోడ గోకవయ్యా, దుమ్ము పడితే పడింది" అని కూడా అంది ఒకరోజు. అతను విననట్టే ఉన్నాడు.

ఇక ఆమె వల్ల కాలేదు. పోటు తగ్గి నది బాగా తీసిన ఒక ఉదయం రేవుకు వెళ్ళి దిగింది. ఎంత తీసినా పడవ అంచు ఇంకా నీళ్ళలోనే, మోకాటి లోతున ఉంది. మునిగి చేత్తో తడిమింది. అడుగు, పక్కలు, ముక్కు. ఎక్కడా పగులు లేదు. తను కుట్టిన జాలీ ఎక్కడా విడలేదు. పైకి లేచి, తల తుడుచుకోకుండానే కొట్టంలోకి వెళ్ళింది.

"ఒరేయ్, అది చావలేదు. పైకి తియ్యాలి."

తమ్ముడు చెక్కను చిత్రిక పట్టడం ఆపాడు. "నీళ్ళు నిండిన సిమెంటు అక్కా. పేటంతా లాగినా రాదు."

"లాగొద్దు. గిన్నెను తేల్చింది దాని కడుపులో గాలే అన్నావుగా. ఇప్పుడు దాని కడుపులో గాలి లేదు. బయట కడదాం."

తమ్ముడు కొట్టం వెనక పడి ఉన్న ఖాళీ ఇనప పీపాల వైపు చూశాడు. "పోటును పనిలో పెట్టుకుందామంటావు. అది పీపాలను ఎత్తితే, పీపాలు పడవను ఎత్తుతాయి" అన్నాడు మెల్లగా.

మర్నాడు నీళ్ళు తీసి ఉన్నప్పుడు ఇద్దరూ దిగారు. మూతలు బిగించిన పీపాలను పడవకు రెండు వైపులా, తాళ్ళు అడుగు నుంచి పోనిచ్చి, సందు లేకుండా కట్టారు. ముడులు వెయ్యడం ఆమె పని. తర్వాత ఒడ్డున కూర్చున్నారు. ఆమె కూర్చుంది అనడం అబద్ధం. రేవు మెట్లు ఎక్కింది, దిగింది, నీళ్ళు ఎంత పెరిగాయో పుల్ల గుచ్చి చూసింది, పుల్ల మునిగితే ఇంకోటి గుచ్చింది. నది పెరుగుతోంది. పీపాలు సగం మునిగాయి, ముప్పాతిక మునిగాయి. తాళ్ళు కిర్రుమన్నాయి. పడవ కదల్లేదు.

"అక్కా, కూర్చోవే. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ఢామ్మని చప్పుడైంది. ముక్కు దగ్గరి పీపా ఒకటి ముడి జారి, ఫిరంగి గుండులా నీళ్ళలోంచి ఎగిరి, పక్కన పడింది. ఆమె మరో ఆలోచన లేకుండా దూకింది. పారిపోతున్న పీపాను పట్టుకుని వెనక్కి తోస్తోంది గానీ, ఒంటిచేత్తో దాన్ని నీళ్ళ కిందికి నొక్కడం ఎలా సాధ్యం? ఎంత నొక్కితే అంత పైకి తన్నుతోంది. అప్పుడు పక్కన ఇంకో రెండు చేతులు పడ్డాయి. మొరటు చేతులు. మేస్త్రి ఛాతీ లోతు నీళ్ళలో, మెట్టు అంచు మీద, మంచి కాలి మీద నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరికీ తెలియదు.

"ఈత రాదు నీకు!"

"నిండా మునిగినవాడికి చలేంటి? తాడు అందుకో" అన్నాడు. అన్ని రోజుల తర్వాత అతను మాట్లాడిన మొదటి మాట అది.

పీపాను నొక్కిపెట్టి తాడు బిగించారో లేదో, కిందెక్కడో బురద వదిలిన చప్పుడు వినిపించింది. తాళ్ళన్నీ ఒక్కసారి వణికాయి. పీపాల మధ్య పడవ అంచు, నాచు పట్టి, నీళ్ళకు బెత్తెడు కిందిదాకా లేచి ఆగింది. లాగితే చిన్నపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు తేలిగ్గా వచ్చింది. పోటు మీదే దాన్ని ఒడ్డు పైకి తోసి వదిలేశారు. నది మళ్ళీ తియ్యగానే, పడవ నీళ్ళు నింపుకుని పొడినేల మీద కూర్చుంది. ముగ్గురూ బకెట్లతో తోడారు.

"లావు తగ్గించలేం" అన్నాడు తమ్ముడు, బావ వైపు చూడకుండా. "ఎత్తు పెంచొచ్చు. సిమెంటుతో పెంచితే మళ్ళీ బరువు. చెక్కతో పెంచితే..."

మేస్త్రి చాలాసేపు అంచు మీద చెయ్యి రాస్తూ ఉండిపోయాడు. "పైచెక్క పురుగుకు అందదులే, నీళ్ళ పైనే ఉంటుంది" అన్నాడు చివరికి. ఒప్పుకోవడం అతనికి అంతకంటే చేతకాదు.

చెక్క అంచు బిగించి, సందుల్లో తారు పోసి, రెండోసారి దింపిన రోజున రేవులో జనం లేరు. వాన పడేలా ఉంది. మేస్త్రి వెనక కూర్చుని తెడ్డు పట్టాడు, తమ్ముడు ముందు. బొంగరం యూనిఫారాల మూటతో మధ్యలో కూర్చుంది. జానకు పైగా అంచు నీళ్ళ పైన నిలిచింది. ఒక లాంచీ పోయింది, అల వచ్చింది, పడవ దాని మీదికి ఎక్కి దిగింది. లోపలికి ఒక్క చుక్క రాలేదు. ఆమె రెండు చేతులతో అంచులు పట్టుకుని, ఊపిరి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తోంది.

నది మధ్యకు వచ్చాక పాదం చల్లగా తగిలింది. వంగి చూసింది. ముగ్గురి బరువుకు నీటిమట్టం దాకా దిగిన అతుకులో, చెక్కా సిమెంటూ కలిసిన చోట, సన్నగా, చెమట పట్టినట్టు నీళ్ళు ఊరుతున్నాయి.

"కారుతోంది" అంది.

"చెక్క ఉబ్బలేదు ఇంకా. నేను చెప్పానా, ఎండు చెక్క వాడొద్దని?" అన్నాడు మేస్త్రి.

"చెక్కకేం, బంగారంలా ఉంది. నీ సిమెంటు అంచు వంకర బావా. మట్టం పెట్టి చూశావా అసలు?"

"మట్టం గురించి నువ్వు నాకు చెప్తావా?"

"పడవ గురించి నువ్వు నాకు చెప్పలేదూ?"

ఇద్దరూ తెడ్లు ఆపి వెనక్కీ ముందుకూ తిరిగి వాదించుకుంటున్నారు. పడవ ప్రవాహంలో మెల్లగా అడ్డం తిరుగుతోంది. బొంగరం మూటను ఒళ్ళోకి ఎత్తుకుని, పడవ అడుగున నీళ్ళు తోడడానికి పెట్టుకున్న డబ్బాలు రెండూ తీసి, చెరొకరి ఒళ్ళోకీ విసిరింది.

"ముందు తోడండి. ఒడ్డెక్కాక కొట్టుకుందురుగాని."

తెడ్డు తనే అందుకుంది.